అడుగున్న బుట్ట

గణపతిరావు మాస్టారికి బాస్కెట్‌బాల్ వచ్చునని చోడవరంలో అందరికీ తెలుసు. రాదన్న సంగతి తెలిసినవాడు ఒక్కడే. ఆ ఒక్కడూ గణపతిరావే.

ఆయన ఊళ్లో కమిటీవాళ్లు నడిపే బడిలో డ్రిల్లు మాస్టారు. ఆరేళ్లుగా టెంపరరీ. ఏటా ఏప్రిల్లో ఉద్యోగం ఊడేది. జూన్లో కమిటీ ప్రెసిడెంటు సత్యారావుగారి అరుగు మీద, కండువా ఒళ్లో పెట్టుకుని నాలుగు పూటలు కూర్చుంటే మళ్లీ అతుక్కునేది. హెల్సింకీలో ఒలింపిక్సు జరిగిన ఏడు, అంటే యాభై రెండులో, కమిటీ ఆయన్ని మద్రాసులో మూడు వారాల శిక్షణకి పంపింది. మూడోనాడే కడుపు చెడి మంచం పట్టాడు. మిగతా రోజులన్నీ హాస్టలు గదిలో పడుకుని కిటికీలోంచి ఆట చూశాడు. ఆ కిటికీలోంచి కనపడేది సగం కోర్టే. మనుషులు ఎక్కడినుంచో బంతి నేలకి కొట్టుకుంటూ పరుగెత్తుకొచ్చేవారు, ఎగిరేవారు, మళ్లీ ఎక్కడికో మాయమయ్యేవారు. ఎందుకొచ్చారో ఎందుకెళ్లారో ఆయనకి అంతుపట్టలేదు. ఒక్కటి మాత్రం కళ్లారా చూశాడు. బంతి ఇనప రింగులో పైనుంచి పడి, వలలోంచి జారి, కిందనుంచి బయటికొచ్చేది.

తిరిగొచ్చేటప్పుడు ఒక బంతి, ఇంగ్లీషులో ఉన్న ఒక రూల్సు పుస్తకం తెచ్చుకున్నాడు. అనకాపల్లిలో చోడవరం బస్సెక్కగానే ఎవరో, మీరూ ఆడారా మేస్టారూ అని అడిగారు. ఆడకుండా వస్తానా అన్నాడు. బస్సు దిగేసరికి ఆయన మద్రాసు టీమును ఒంటిచేత్తో ఓడించాడన్న వార్త ఊళ్లో ఉంది. కాదనడానికి మొహమాటపడ్డాడు. ఆ మొహమాటమే కొంపముంచింది.

సత్యారావుగారు బెల్లం వర్తకుడు. ఆయన పేపరు చదివి హెల్సింకీ సంగతంతా కంఠతా పట్టాడు. ఫైనల్లో అమెరికాకి ముప్పై ఆరు, రష్యాకి ఇరవై ఐదు. లోకాన్ని చెరిసగం పంచుకున్న ఇద్దరూ ఒక తోలు బంతి కోసం కుమ్ముకుంటుంటే మన దేశం ఆ దరిదాపుల్లో లేకపోవడం ఆయనకి తలవంపులుగా తోచింది. అంతకన్నా పెద్ద తలవంపు ఇంకోటుంది. మూడేళ్లుగా చెడుగుడులో పక్కూరు వడ్డాదివాళ్లు చోడవరాన్ని మట్టి కరిపిస్తున్నారు. అందుకని వడ్డాదివాళ్లు పేరైనా వినని ఆట ఒకటి ఆయనకి అర్జంటుగా కావాలి.

మాఘమాసంలో వాళ్లతోనే బాస్కెట్‌బాల్ పోటీ అని ప్రకటించేశాడు. చూడ్డానికి ఉత్తర సర్కారు క్రీడా మండలి నుంచి బంగార్రాజుగారు తనిఖీకి వస్తారు. ఆయన విజిటర్సు పుస్తకంలో మంచిమాట రాస్తే గణపతిరావు ఉద్యోగం పర్మనెంటు. రాయకపోతే మద్రాసులో చదివిన మాస్టారొకడు సిద్ధంగా ఉన్నాడు. ఈ ముక్క సత్యారావుగారు నవ్వుతూనే చెప్పాడు. ఆయన నవ్వుతూ చెప్పిన మాట తప్పడం ఊళ్లో ఎవరూ చూడలేదు.

గణపతిరావు ఇంటికెళ్లి భార్య సన్యాసమ్మకి చెప్పాడు. ఆవిడ చాటలో బియ్యం ఏరుతూ తలెత్తకుండా అంది.

"పర్మనెంటు అయితే జీతం ఎంత పెరుగుద్దో నాకక్కర్లేదు. వచ్చే జూన్లో మీరా అరుగు మీద కూకోకండి. అదొక్కటే నాకు కావాల."

ఆయన రూల్సు పుస్తకం ముందేసుకుని కూర్చున్నాడు. పక్షానికి ఐదుగురు. బంతి పట్టుకుని నడవకూడదు, నేలకి కొడుతూ పోవాలి, లేదా ఇంకొకడికి విసరాలి. బుట్టలో వేస్తే రెండు పాయింట్లు. ఎదటివాడు తప్పు చేస్తే ఊరికే వేసే ఛాన్సు, దానికి ఒక పాయింటు. ఇరవై నిమిషాలొకసారి, ఇరవై నిమిషాలింకొకసారి. బుట్ట నేలకి పది అడుగుల ఎత్తున ఉండాలి. ఇదంతా చదివాక ఆయనకి కొంచెం ధైర్యం వచ్చింది. లోకంలో చాలామంది మాస్టార్లు ఇంతకన్నా తక్కువ తెలిసి పాఠాలు చెబుతున్నారు.

బుట్టల కోసం మేదర వీధిలో అచ్చియ్యమ్మ దగ్గరికి వెళ్లాడు. బెల్లం దిమ్మలకీ చెరుకు ముక్కలకీ ఊరందరికీ బుట్టలల్లేది ఆవిడే. అడుగు లేని బుట్టలు రెండు కావాలన్నాడు. ఆవిడ చేతిలో వెదురుబద్ద పక్కన పెట్టి ఆయన్ని ఎగాదిగా చూసింది.

"అడుగు లేకుండా బుట్టెక్కడ మొదలెట్టమంటావు బాబూ? ముందు అడుగేస్తాం, దాన్ని తొక్కిపెట్టి కూకుని సుట్టూ అల్లుకుంటా పైకొస్తాం. మా అత్త అలాగే నేర్పింది."

పోనీ అల్లాక అడుగు కోసెయ్యమన్నాడు. అల్లిన చేత్తో కొయ్యనంది. వాళ్లిళ్లలో ఆ ఆనవాయితీ లేదు. అడుగు పోయిన బుట్టని పొయ్యిలో పెడతారు గాని ఒకరి చేతికివ్వరు.

ఆ మాటే పట్టుకెళ్లి ప్రెసిడెంటుగారికి చెప్పాడు. కమ్మరి చేత ఇనప రింగు చేయిద్దామని కూడా అన్నాడు. సత్యారావుగారు పుస్తకం తెమ్మన్నాడు. మొదటి పేజీ చదవమని, తెలుగులో చెప్పమన్నాడు. గణపతిరావు చెప్పాడు. అరవై ఏళ్ల కిందట అమెరికాలో ఒక డ్రిల్లు మాస్టారు చలికాలంలో పిల్లల్ని ఊరుకోబెట్టలేక ఈ ఆట కనిపెట్టాడనీ, గోడలకి పళ్లబుట్టలు కట్టించాడనీ, బంతి పడ్డప్పుడల్లా ఒకడు నిచ్చెనెక్కి తీసేవాడనీ అందులో ఉంది.

సత్యారావుగారు తొడ చరుచుకున్నాడు. అసలువాడు అడుగున్న బుట్టే కట్టాడు, నిచ్చెనే వేశాడు, మధ్యలో మద్రాసువాళ్లెవరు అడుగు ఊడగొట్టడానికి? పైగా బుట్టలో పడ్డ సరుకు కిందకి జారిపోతే పడినట్టెలా లెక్క? నలభై ఏళ్ల వ్యాపారంలో ఆయన అలాంటి బుట్ట చూడలేదు. మనం అసలు పద్ధతిలో ఆడదాం, లోకమే మన దగ్గర నేర్చుకుంటుంది అన్నాడు.

రెండో పేజీలో ఉంది, ఆ అడుగు కొన్నాళ్లకి తీసేశారని. గణపతిరావు అది రాత్రే చదివాడు. కిటికీలోంచి కళ్లారా చూశాడు కూడా. నోరు తెరిచి ఆ పేజీ తిప్పితే చాలు. కాని ఆయన కూర్చున్నది ఆ అరుగు మీదే. కండువా ఒళ్లోనే ఉంది.

"తమరన్నట్టే బాగుంటదండి," అన్నాడు.

బెల్లం ఆరబోసే కళ్లంలో తాటిదుంగలు రెండు పాతారు. వాటికి బడిలో పనికిరాని నల్లబల్లలు బిగించి, ఆ బల్లలకి అచ్చియ్యమ్మ బుట్టలు కట్టారు. నిచ్చెన పని గోడలకి సున్నాలు వేసే పరదేశి అనే అతనికి అప్పగించారు. అంత పొడుగు నిచ్చెన ఊళ్లో అతనికే ఉంది. చోడవరం టీములో ఐదుగురూ కమిటీ పెద్దల తాలూకే. కెప్టెను ప్రెసిడెంటుగారి మేనల్లుడు దాసు. పొట్టి మనిషి, పొట్ట ఉన్న మనిషి. బంతి నేలకి కొట్టాలంటే దాసుకి ఆ పొట్టే అడ్డం. గణపతిరావు నెల్లాళ్లు విజిల్ ఊదీ ఊదీ బుగ్గలు నొప్పెట్టించుకున్నాడు.

వడ్డాది టీముకి రూల్సు కాగితం మీద రాసి పంపారు. వాళ్లు చెరుకు మోపులు బండి మీదకి విసిరే కుర్రకారు. కిందవాడు విసిరితే పైవాడు అందుకుని చూడకుండా పక్కవాడికి అందించడం వాళ్లకి రోజూ పనే. పోటీనాడు రిఫరీ కూడా గణపతిరావే. మొదటి నాలుగు నిమిషాలూ బంతి వాళ్ల చేతుల్లోంచి చోడవరం చేతికి రాలేదు. వాళ్లలో పొడుగాటివాడు రెండుసార్లు గురి చూసి వేశాడు. రెండుసార్లూ బంతి బుట్ట అంచు తగిలి పక్కకి పోయింది. షామియానా కింద బంగార్రాజుగారి పక్కన కూర్చున్న సత్యారావుగారి మొహం వాడిపోయింది.

అప్పుడు జరిగింది ఆ ఘనకార్యం. దాసు కాళ్ల మధ్యకి బంతి దొర్లుకొచ్చింది. దాన్ని వదిలించుకోవడానికి దాసు కళ్లు మూసుకుని రెండు చేతులతో పైకి విసిరేశాడు. బంతి తిన్నగా వెళ్లి బుట్టలో కూర్చుంది. జనం ఈలలు వేశారు. కళ్లు తెరిచిన దాసు అందరికన్నా ఎక్కువ ఆశ్చర్యపోయాడు.

చోడవరానికి రెండు, వడ్డాదికి సున్నా. పరదేశి నిచ్చెన భుజానికెత్తాడు.

సత్యారావుగారు వేలెత్తి పరదేశిని పిలిచాడు. షామియానాకి కట్టిన మామిడాకులు జారుతున్నాయి, ముందు అవి సరిగ్గా కట్టమన్నాడు. పరదేశి కట్టాడు. ఆ చివర కూడా చూడమన్నాడు. చూశాడు. మూడో మూల ముడి వదులుగా ఉందన్నాడు. షామియానాకి ఎన్ని మూలలుంటాయో ఆ రోజు చోడవరం లెక్కపెట్టలేకపోయింది. ఊళ్లో బంతి ఒకటే. అది బుట్టలో ఉంది. పదిమందీ బుట్ట కింద మొహాలెత్తి నిలబడ్డారు. గడియారం నడుస్తోంది.

వడ్డాది పొడుగాటివాడికి ఓపిక పోయింది. వాడు చొక్కా పైకి మడిచి తాటిదుంగ పట్టుకున్నాడు. రెండు అంగల్లో ఎక్కి బంతి తీసేవాడే. గణపతిరావు షామియానా వైపు చూశాడు. సత్యారావుగారు ఆయన వైపే చూస్తున్నాడు. నవ్వుతున్నాడు.

గణపతిరావు విజిల్ ఊదాడు.

"ఆటగాడు దుంగ ముట్టుకోకూడదు. ఫౌలు."

"ఏ రూల్లో ఉంది మేస్టారూ? మాకు రాసిన కాగితంలో లేదు కదా?"

"పుస్తకంలో ఉంది," అన్నాడు గణపతిరావు. అది ఇంగ్లీషు పుస్తకం కాబట్టి వాడు దుంగ వదిలేసి వచ్చి నేల మీద కూలబడ్డాడు. ఆ క్షణాన గణపతిరావుకి తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా విజిల్ నోట్లోంచి తీయలేదు.

ఇరవై నిమిషాలయ్యాయి. విశ్రాంతిలో అందరికీ మాడుగుల హల్వా పంచారు. హల్వా తినడానికి వీలుగా పరదేశిని కూడా కూర్చోబెట్టారు. తర్వాత ఇంకో ఇరవై నిమిషాలు నడిచాయి. పదిమంది ఆటగాళ్లు, ఐదొందలమంది జనం, ఒక తనిఖీ అధికారి, అందరూ కలిసి ఒక బుట్టని చూశారు. సున్నాకి రెండు పాయింట్లతో చోడవరం గెలిచింది.

బంగార్రాజుగారు లేచి ఉపన్యాసం ఇవ్వబోతుంటే గణపతిరావు విజిల్ తీసి జేబులో పెట్టుకున్నాడు. ఆయనకి ఆట తెలిసే ఉంటుంది, ఇప్పుడు నలుగురిలో కడిగేస్తాడు అనుకున్నాడు. కడిగేస్తే బాగుండునని కూడా లోపల ఏ మూలో అనిపించింది.

"హెల్సింకీలో ఏం జరిగింది?" అన్నాడు బంగార్రాజుగారు. "రష్యావాళ్లు బంతి చేజారనివ్వకుండా దాచుకుని దాచుకుని ఆడారు. అయినా ముప్పై ఆరు పాయింట్లు సమర్పించుకున్నారు. మీరు సున్నా ఇచ్చారు. అంతర్జాతీయ స్థాయి అంటే ఇదీ."

జనం చప్పట్లు కొట్టారు. గణపతిరావు ఆయన మొహంలోకి వెతికి వెతికి చూశాడు. వెటకారం ఎక్కడా లేదు. ఆ పెద్దమనిషి మద్రాసులో సగం కోర్టు కూడా చూసి ఉండడని అప్పుడు అర్థమైంది. విజిటర్సు పుస్తకంలో అర పేజీ మంచిమాట రాశాడు. మండలి కింద పదహారు బళ్లున్నాయి, అన్నిటిలోనూ ఈ చోడవరం పద్ధతే ప్రవేశపెట్టాలనీ, గణపతిరావే వెళ్లి నేర్పాలనీ దాని కింద ఇంకో అర పేజీ రాశాడు. సత్యారావుగారు అక్కడికక్కడే పర్మనెంటు ఆర్డరు మీద సంతకం పెట్టాడు.

సన్యాసమ్మ ఆ కాగితం దేవుడి గూట్లో పెట్టింది. చాలా ఏళ్లకి ఆవిడ మనసారా నవ్వింది. ఆయన అన్నం సహించక సగంలో లేచిపోయాడు.

మర్నాడు పదహారు బళ్లకి ముప్పై రెండు బుట్టలు చెప్పడానికి మేదర వీధికి వెళ్లాడు. ఆయన నోరు తెరవకముందే అచ్చియ్యమ్మ లోపలికెళ్లి ఏదో తెచ్చి ఆయన ముందు పెట్టింది. అది బుట్టే. పైన గుండ్రంగా గట్టి అంచు, కింద సన్నంగా అల్లిక. అడుగు లేదు.

"నిన్న ఆట సూసేను బాబూ," అంది. "ఆ వడ్డాది గుంటలు పాపం మొహాలెత్తుకుని నిలబడిపోయేరు. తప్పు నా బుట్టదే కదా అని ఇంటికొచ్చి కూకున్నాను. తలకిందులుగా అంచుకాడ మొదలెట్టేను. రెండు పాడైపోయేయి. ఇది నిలబడింది. మా అత్తక్కూడా తెలీదు ఈ అల్లిక."

గూట్లోంచి ఒక వెలక్కాయ తీసి అందులో వేసింది. అది పైనుంచి పడి, అల్లికలోంచి జారి, కిందనుంచి బయటికొచ్చి గణపతిరావు కాలి దగ్గర ఆగింది. మద్రాసు కిటికీలోంచి చూసింది సరిగ్గా ఇదే. అమెరికావాళ్లు కొన్నాళ్లు పట్టి దిద్దుకున్న తప్పుని ఈవిడ ఒక్క పూటలో దిద్దేసింది. ఆయన చదువుకున్నవాడు, ఆర్డరు చేతిలో ఉన్నవాడు, ఆ కాయ వైపు చూడలేకపోయాడు. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

తప్పు నీ బుట్టది కాదు అచ్చియ్యమ్మా అనాలి. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది. జూను కూడా గుర్తొచ్చింది, అరుగు కూడా గుర్తొచ్చింది.

"ముప్పై రెండు కావాల," అన్నాడు. "అన్నిటికీ అడుగెయ్యి."

"అడుగేస్తే బంతి రాదు కదా బాబూ?"

"రాదు."

 ఆవిడ కొత్త బుట్టని తీసుకెళ్లి పొయ్యి పక్కన పడేసి, కత్తి తీసుకుని బద్దలు చీల్చడానికి కూర్చుంది.

"అయితే ఆ నిచ్చెనలు కూడా మాకే సెప్పెయ్యి బాబూ," అంది. "ఎదురుబొంగులున్నాయి."

గణపతిరావు జేబులోంచి కాగితం తీసి, బుట్టల కింద నిచ్చెనలు పదహారు అని రాసుకున్నాడు.