ఊడని పొర

శాశ్వతత్వాన్ని కోరి పూర్వం రాజులు కొండలు తొలిపించారు, రాగిరేకుల మీద శాసనాలు చెక్కించారు, కోటల చుట్టూ కందకాలు తవ్వించారు. వారెవ్వరికీ పూర్తిగా దక్కని ఆ భాగ్యం ఈ కాలంలో హిందూపురం తహసీల్దారు కార్యాలయం ఎదుట, ఒక టీ తాగినంతసేపట్లో, సామాన్యునికి దక్కుతున్నది. దాని పేరు లామినేషన్.

ఈ మహావిద్యకు ఆ ఊళ్లో ఆచార్యుడు బాషా. అతని ఇరుకు అంగట్లో ఒక కలర్ జిరాక్స్ మెషిను, ఒక లామినేషన్ మెషిను, ఒక స్టూలు ఉండేవి. నాలుగో వస్తువు రావాలంటే బాషా బయటికి రావలసిందే. ఆధార్ కార్డులు, పెండ్లి పత్రికలు, కాలం చేసినవారి ఫోటోలు, ఒకసారి ఎవరో పిల్ల తెచ్చిన నెమలీక, అన్నీ అతని వేడి రోలర్ల నడుమ దూరి అమరత్వం పొంది బయటికి వచ్చాయి. "నీళ్లలో యెయ్యి, ఎద్దుతో తొక్కించు. ఊడితే నా మీసం తీసేస్తా" అన్నది అతని హామీ. ఆ మీసం ఇరవై ఏళ్లుగా నిక్షేపంగా ఉన్నది.

లోకంలో బాషాకు గిట్టనివి రెండే. మొదటిది, పెనుకొండలో గిరిధర్ అనేవాడు చేసే లామినేషన్: వారానికే అంచులు లేచి, కాల్చిన అప్పడంలా మెలి తిరుగుతుందని బాషా నలుగురికీ చెప్పేవాడు. రెండవది, మతిమరుపు గిరాకీ. జిరాక్స్‌కని వచ్చినవాడు వేడివేడిగా బయటికొచ్చిన కాపీని భద్రంగా మడిచి జేబులో పెట్టుకుని, అసలు కాగితాన్ని మెషిను అద్దం మీదనే వదిలిపోతాడు. "మీ ఒరిజినల్స్ మరిచిపోవద్దు" అని ఎర్ర అక్షరాల్లో బోర్డు రాసి, లామినేట్ చేసి తగిలించినా ఫలితం లేకపోయింది. అందుచేత సాయంత్రం షట్టరు దించేముందు బాషా మెషిను మూత ఎత్తేవాడు. అద్దం మీద బోర్లా పడి ఉన్న కాగితాన్ని తిప్పి కూడా చూడకుండా, దాని వీపు మీద పెన్సిలుతో ఆ మరిచిన మనిషిని గురించి తన అభిప్రాయం ఒక్క వాక్యంలో రాసి, పట్టుచీర వచ్చిన పాత అట్టపెట్టెలో పడేసేవాడు. కాగితం కోసం తిరిగి వచ్చినవాడు దాన్నీ, ఆ వాక్యాన్నీ కలిపి స్వీకరించవలసిందే. అది ఆ అంగడి దండనీతి.

బాషా కూతురు నాజ్నీన్ పెనుకొండ కాలేజీలో కెమిస్ట్రీ చదివి, ఆ వంశంలో పట్టా అనే పదార్థాన్ని మొదటిసారి చేతపట్టింది. పట్టా వచ్చిన రోజున వీధి వీధంతా ఆ ఇరుకు అంగట్లోకి దూరింది. బాషా భార్య అమీనాబీ లడ్లు పంచింది. బాషా గాండ్లపెంటలో ఉన్న తన తల్లికి పంపడానికని, ఉన్నవాటిలో అతి మందమైన, అతి ఖరీదైన కాగితం మీద పట్టాకు కలర్ కాపీ తీశాడు. అటుపైన చేతులు మూడుసార్లు కడుక్కుని, పట్టాను లామినేట్ చేసి, అంగట్లోనే మక్కా పటం పక్కన గోడకు వేలాడదీశాడు. ఆ సందడిలో అవ్వ కోసం తీసిన కాపీ ఎటో పోయింది. కాపీయే గనుక ఎవరూ వెదకలేదు.

ఏడాది గడిచింది. నాజ్నీన్ ఎర్రమంచి దగ్గర ఒక చిన్న కంపెనీలో రంగుల నాణ్యత పరీక్షిస్తూ, జీతంలో మిగిల్చిన దానితో జర్మనీలోని ఒక విశ్వవిద్యాలయానికి దరఖాస్తు పెట్టుకుంది. ఆమె ఎంచుకున్న శాస్త్రం, ఒకదానికొకటి అంటుకుపోయిన ప్లాస్టిక్ పొరలను విడదీయడం. తండ్రి దాన్ని తన వృత్తి మీద విమర్శగా భావించలేదు; అది అతని పెద్దమనసు. దరఖాస్తుతో పాటు ఆమె గోడ మీది పట్టాను ఫోనుతో ఫోటో తీసి పంపింది. ఒక బుధవారం జవాబు వచ్చింది.

"నాయనా, నా పట్టాలో ట్యూబ్‌లైటు కనబడతాందంట."

"యా ట్యూబ్‌లైటు?"

"మన అంగడిదే. సరిగ్గా నా పేరు మీద పడిందంట. నా పేరు కనబల్యా వాళ్లకు. ఫోటో పనికిరాదు, ఒరిజినల్ మీద గవర్నమెంటు సీలు యేయించి, మళ్లా పంపమంటాండారు. ఈ నెలాఖరుకు రాకపోతే దరఖాస్తు మూసేస్తారంట."

ధర్మవరంలో ఏసుదాసు అనే ఏజెంటు ఇట్లాంటి కాగితాలను హైదరాబాదుకు తీసుకుపోయి సీళ్లు వేయించి తెస్తాడని నాజ్నీన్ అప్పటికే విచారించింది. అక్కడే నిలబడి ఫోను చేసింది. స్పీకరులో ఏసుదాసు గొంతు అంగడంతా నిండింది.

"శుక్రవారం పొద్దున బండికి పోతాండానమ్మా. నెలాఖరు లోపల మళ్లా పోయేది లేదు. ఒరిజినల్ తెచ్చియ్యి, సీలు దాని ఎనకపక్క పడాల. ఒకటే మాట: లామినేషన్ చేసింటే తేవాకు. ప్లాస్టిక్ మీద సీలు నిలబడదు. ఆఫీసోళ్లు చూడకుండానే తిప్పి కొడతారు."

ఫోను ఆగింది. తండ్రీ కూతుళ్లిద్దరూ మెల్లగా గోడ వైపు తిరిగారు. పట్టా తళతళ మెరుస్తున్నది. క్యారియరు తెచ్చిన అమీనాబీ సంగతి విని నిట్టూర్చింది.

"నెమలీకనే ఇడ్సల్యా ఈ మనిషి. బిడ్డ పట్టాను ఇడుస్తాడా?"

బాషా పట్టాను దించి ఒక మూల గోటితో గీరాడు. మూల లేవలేదు. రెండో మూల గీరాడు. అదీ లేవలేదు. తన పని నాసిరకమై ఉంటే ఎంత బాగుండునని ఇరవై ఏళ్లలో మొట్టమొదటిసారి అతనికి అనిపించింది. ఆ కోరికను దేవునికి ఏ మాటలతో విన్నవించాలో తెలియక, ఆ పూట నమాజులో ఊరకే ఎక్కువసేపు కూర్చున్నాడు.

గురువారం పొద్దున్నే ఇద్దరూ పెనుకొండ బస్సెక్కారు. పట్టా బాషా ఒళ్లో, తువ్వాలలో చుట్టి ఉన్నది. ఎర్రమంచి దగ్గర కార్ల ఫ్యాక్టరీ ముందు కొత్త కార్లు వరుసలుగా ఎండలో మెరుస్తుంటే అతడు కళ్లు మూసుకున్నాడు. మెరిసేదేదీ ఆ పొద్దు అతనికి సయించలేదు.

కాలేజీ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు సరస్వతమ్మ ఫైలు మీది నుంచి తలెత్తింది.

"మేడం, ఈ పట్టాకు డూప్లికేట్ కావల్ల" అన్నాడు బాషా.

"పోయినాదా?"

"లేదు మేడం. ఈడే ఉండాది."

"కాలిపోయినాదా? చెదలు తినినాయా?"

"లేదు మేడం. బాగుండాది. శానా బాగుండాది. అదే తంటా."

సరస్వతమ్మ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "ఏమప్పా, పోయినదానికి రూలుండాది, కాలినదానికి రూలుండాది. బాగుండేదానికి గవర్నమెంటు ఏ రూలూ రాయలా."

"పోయిందని రాసిస్తే మేడం?" అన్నది నాజ్నీన్ నేల చూస్తూ.

"రాయి తల్లీ. పోలీసుల దగ్గర కాగితం తీసుకో, పేపర్లో యేయించు, యూనివర్సిటీకి పంపు. అది తిరిగొచ్చేతలికి నీ జర్మనీ ముసిల్దయిపోతాది."

బయట మెట్ల మీద నాజ్నీన్ కూర్చుండిపోయింది. ఆమె తండ్రిని ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాషా తట్టుకునేవాడే. ఆమె తిట్టకపోవడమే అతన్ని లేపి, బస్టాండు పక్కనున్న ఆ అంగడి దాకా నడిపించింది, ఏ అంగడి గడప తొక్కనని అతడు నలుగురిలో ఒట్టు పెట్టుకున్నాడో దాని దాకా.

గిరిధర్ స్టూలు మీద నుంచి లేవకుండానే రెండు చేతులూ జోడించాడు. "రాప్పా, రా! హిందూపురం మీసం పెనుకొండకొచ్చింది. ఏం పని?"

బాషా తువ్వాల విప్పి సంగతి చెప్పాడు. గిరిధర్ సాంతం విన్నాడు. విన్నకొద్దీ అతని ముఖం పౌర్ణమి వైపు ప్రయాణం చేసింది.

"అంటే, గిరిధర్ లామినేషన్ వారానికే ఊడుతాదని తాలూకాలన్నీ చాటించిన మనిషి, ఊడబెరికేది నేర్పమని గిరిధర్ దగ్గరికే వచ్చినాడు. అంతే గదా?"

"అంతే."

"నేర్పుతా. ముందు ఒక మాట చెప్పు. ఈళ్లందరూ ఇనేట్లు చెప్పు." అంగట్లో నలుగురు గిరాకీలు ఉన్నారు. ఒకరు టీ గ్లాసు పక్కన పెట్టి మరీ సిద్ధమయ్యారు.

బాషా గొంతు సవరించుకున్నాడు. రాజ్యాలు ఓడినవారు కూడా ఇంతకన్నా సులువుగానే సంధిపత్రాలు చదివి ఉంటారు. "గిరిధర్ లామినేషన్... మంచిది" అన్నాడు.

"ఎందుకు మంచిది?"

బాషా కూతురి వైపు చూశాడు. "ఊడుతాది గాబట్టి" అన్నాడు.

అంగడి గొల్లుమన్నది. గిరిధర్ కూడా నవ్వి, తక్షణమే లేచి ఇస్త్రీపెట్టె స్విచ్చి వేశాడు. పగ తీరిన మనిషిలో ఉండే ఔదార్యం అపారమైనది.

పని మొదలైంది. పల్చటి గుడ్డ పరిచి, దాని మీద ఇస్త్రీపెట్టె ఆనించి, మూల వెచ్చబడగానే బ్లేడుతో పొరను లేపి, కాగితం తట్టుకున్నంత మెల్లగా లాగాలి. గిరిధర్ వేడి పెట్టాడు, లాగింది నాజ్నీన్. బాషాను లాగనివ్వలేదు. పొర సర్రుమని చప్పుడు చేసినప్పుడల్లా అతని గుండెలో ఏదో చినిగేది. కళాశాల పేరు బయటపడింది. నాజ్నీన్ పేరు బయటపడింది. రిజిస్ట్రారు సంతకం దగ్గర కాగితం నూగు పొరతో పాటు లేచింది.

"ఆపు, ఆపు!"

"అరవొద్దు నాయనా!"

మళ్లీ వేడి. మళ్లీ లాగడం. సంతకం తోక మీద చిన్న గీరుడు తప్ప, చివరకు పట్టా మొత్తం ప్లాస్టిక్ లేకుండా, గుడ్డ మీద నీరసంగా పడుకున్నది. నలుగురు గిరాకీలు చప్పట్లు కొట్టారు. బాషా గిరిధర్‌ను కౌగిలించుకున్నాడు. ఆ క్షణంలో అతడు మీసం తీయించుకోవడానికి కూడా వెనుకాడేవాడు కాదు.

మధ్యాహ్నం బండికి ధర్మవరం చేరారు. మగ్గాల చప్పుడు వినిపించే సందులో, పట్టుచీరల కొట్టు మీది గదిలో ఏసుదాసు ఆఫీసు. అతడు పట్టాను అందుకుని వేళ్లతో తడిమాడు. కిటికీ దగ్గరికి తీసుకుపోయి వెలుతురుకు పెట్టాడు. తిప్పాడు, మళ్లీ పెట్టాడు.

"గీరుడు కొంచెమే గదన్నా" అన్నాడు బాషా.

"గీరుడు సంగతి ఇడ్సప్పా. వెలుతుర్లో యూనివర్సిటీ ముద్ర లోపల కనబడాల. కనబల్యా. వాళ్ల సీలు చేతికి ఉబ్బెత్తుగా తగలాల. తగల్లా." ఏసుదాసు పట్టాను బల్ల మీద పెట్టి, జాలిగా అన్నాడు. "ఇది కలర్ జిరాక్స్ గదప్పా. ఎవరు తీసినారో గానీ, బ్రహ్మాండంగా తీసినారు."

ఘోర విపత్తులో సైతం మనిషిని వృత్తి విడిచిపెట్టదు. రెప్పపాటు కాలం బాషా ఛాతీ పొంగింది. ఆ మరుక్షణమే ఆ గది, ఆ మగ్గాలు, ఆ జర్మనీ అన్నీ కలిసి అతని నెత్తిన కూలాయి.

"ఒరిజినల్ యాడుండాది నాయనా?" అన్నది నాజ్నీన్.

బాషాకు పట్టా వచ్చిన రోజు గుర్తుకొచ్చింది. కళ్ల ముందు లడ్లు, జనం, తన మూడుసార్లు కడిగిన చేతులు. మెషినులో నుంచి వెచ్చగా వచ్చిన కాగితాన్ని ఆ చేతులే అందుకున్నాయి. లామినేషన్ మెషిను వైపు తిరిగాయి. జిరాక్స్ మూత ఎత్తినట్టు మాత్రం ఎంత తలచుకున్నా గుర్తు రాలేదు.

"రేపు పొద్దున బండి కదిలేలోగా ప్లాట్‌ఫారం మీదికి తెస్తే తీసుకపోతా" అన్నాడు ఏసుదాసు. "లేకుంటే నేను చేసేదేం లేదు తల్లీ."

తిరుగు బండిలో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. పెనుకొండ కొండ కిటికీలో వచ్చి, వెళ్లిపోయింది. ఒక్కసారి మాత్రం నాజ్నీన్ "ఆ పెట్టెను ఎప్పుడన్నా ఖాళీ చేసినావా?" అని అడిగింది. బాషా తల అడ్డంగా ఊపాడు. చేయలేదని తనకు నిజంగా తెలుసో, చేయలేదని కోరుకుంటున్నాడో అతనికే తేలలేదు.

అంగడి షట్టరు సగమే ఎత్తి, వంగి లోపలికి దూరారు. స్టూలు కింద పట్టుచీర అట్టపెట్టె. బాషా నేల మీద కూర్చుని, గిరాకీల కోసం వెదికి వెదికి కలగలిసిపోయిన కాగితాలను ఒక్కొక్కటే తీశాడు. ఎవరిదో రేషను కార్డు; వీపు మీద "వీని తల మెడకు అతికింది గాబట్టి ఇంటికి చేరినాడు". ఎవరిదో పొలం పాసుబుక్కు పేజీ. "పొలం గూడా యాడో మరిచి ఉంటాడు". కులం సర్టిఫికెట్టు, కరెంటు బిల్లు, టీకాల కార్డు, అన్నిటి వీపు మీదా అదే పెన్సిలు, అదే కఠినమైన న్యాయం. పెట్టె అడుక్కు వచ్చేసరికి బాషా చేయి ఆగింది. మిగిలినది ఒక్కటే కాగితం, బోర్లా ఉన్నది.

నాజ్నీన్ దాన్ని తీసి, మందం చూసి, మెల్లగా తిప్పి ట్యూబ్‌లైటుకు పెట్టింది. లోపల యూనివర్సిటీ ముద్ర పాలమీగడలా తేలింది. వేళ్లకు సీలు ఉబ్బెత్తుగా తగిలింది. మడత లేదు, మరక లేదు, ప్లాస్టిక్ లేదు. ఆమె నేల మీదనే కూలబడి, దాన్ని గుండెకు అదుముకుని, ఒక్కసారి గట్టిగా ఊపిరి వదిలింది. బాషా ముఖాన్ని తువ్వాలలో దాచుకున్నాడు.

కాసేపటికి, సీలు పడవలసిన వెనకవైపు శుభ్రంగా ఉన్నదో లేదో చూద్దామని నాజ్నీన్ పట్టాను మళ్లీ బోర్లా తిప్పింది. దాని మీద తండ్రి దస్తూరీలో, పెన్సిలుతో, ఒక్క వాక్యం ఉన్నది:

"ఇట్లాంటోని బిడ్డలు ఎట్లా బాగుపడతారో."