చూడకుండా గీయాల్సిన బొమ్మ

అండాలమ్మ పోయిన మూడో రోజు పొద్దున ఆమె కొడుకు జనార్ధన్ కూతురి గదిలోకి వచ్చి మంచం అంచున కూర్చున్నాడు. వర్ష ఒళ్ళో డ్రాయింగ్ ట్యాబ్ ఉంది. దాని వైపు చూపించాడు.

"నానమ్మ బొమ్మ గియ్యి బిడ్డా. దినాలకు గోడకు పెట్టనీకి ఒక్క ఫోటో లేదు. మన్సూరాబాద్ పాతోళ్ళంత ఒస్తరు. ఖాళీ గోడకు దండేస్తమా?"

వర్షకు నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది. ఇంట్లో అందరికీ ఆమె పెద్ద ఆర్టిస్టు. ఏడాదిగా దిల్‌సుఖ్‌నగర్‌లో క్లాసుకు పోతోంది, చుట్టపక్కాల పుట్టినరోజులకు వాళ్ళ ముఖాలు గీసి వాట్సాప్‌లో పెడుతోంది. కానీ ఆ ముఖాలన్నీ ఫోటోలు చూసి గీసినవి. ఫోటో లేకుండా పక్కింటి పిల్లిని గీయమన్నా ఆమె వల్ల కాదు. ఈ సంగతి ఇంట్లో ఆమెకొక్కదానికే తెలుసు.

ఎనభై రెండేళ్ళు బతికిన మనిషికి ఫోటో ఎందుకు లేదంటే, అండాలమ్మే దిగలేదు. ఫోటో దిగితే ఆయుష్షు తరుగుతుందని ఆమె నమ్మకం. ఆ మాట ఎవరు చెప్పారో ఆమెకే గుర్తు లేదు, కానీ దాని మీద మాత్రం రాయిలా నిలబడింది. జనార్ధన్ పెళ్ళి ఆల్బమ్‌లో కన్నతల్లి ఒకే ఒక్క పేజీలో ఉంది, అదీ వీపు. ఆధార్ వాళ్ళ దగ్గర తప్పించుకోలేక కుర్చీలో కూర్చుంది గానీ, సమయానికి తల దించేసింది. ఆ కార్డు మీద బొటనవేలి గోరంత నల్ల మరక ఉంటుంది. అదే అండాలమ్మ అని ప్రభుత్వం ఒప్పుకుంది, ఇంట్లోవాళ్ళెవరూ ఒప్పుకోలేదు.

ఆమె పోయిన రోజు ఎవరో దూరపు చుట్టం ఫోన్‌తో నాలుగు ఫోటోలు తీశాడు. దవడకు గుడ్డ కట్టి, ముక్కుల్లో దూది పెట్టిన ముఖం. వర్ష వాటిని ఒకసారి చూసి ఫోన్ బోర్లా పెట్టింది.

"నువ్వు ఇరవై ఏండ్లు ఆమె పక్కల పండుకున్నవు. నీకు ఫోటో ఎందుకు?" అన్నాడు జనార్ధన్, లేచి పోతూ.

నిజమే కదా. ఎందుకు?

దిల్‌సుఖ్‌నగర్‌లో కింద టిఫిన్ సెంటరూ పైన బ్యాంకు పరీక్షల కోచింగూ ఉన్న ఒక మేడలో, ఆ రెండింటి మధ్య అంతస్తులో ఉపేంద్ర క్లాసు నడుపుతాడు. తెనాలి వైపు నుంచి వచ్చి పదిహేనేళ్ళయినా మాట ఇసుమంతైనా మారని మనిషి. ఆయన పద్ధతి ఒకటే. రోజూ రెండు బొమ్మలు గీయాలి. ఒకటి ఫోటో చూసి, తర్వాత ఫోటో మూసేసి అదే ముఖం ఇంకొకటి.

"చూసి గీస్తే ఫోటోలో ఉన్నది వస్తుందమ్మా. చూడకుండా గీస్తే నువ్వు అసలేం చూశావో అది బయటపడుద్ది," అనేవాడు.

బయటపడుతుందనే వర్ష భయం. అందుకని రెండో బొమ్మ గీసేటప్పుడు తొడ కింద ఫోన్ పెట్టుకునేది. సారు అటు తిరగగానే తొంగి చూసేది. పాపం, ఉపేంద్ర ఆమె రెండో బొమ్మలు అందరికీ చూపించి మెచ్చుకునేవాడు. ఏడాది పాటు ఇలా అందరి కళ్ళల్లో దుమ్ము కొట్టింది. ఆ దుమ్ము తన కళ్ళల్లో కూడా పడుతుందని ఇరవై ఏళ్ళ పిల్లకు ఎవరు చెప్తారు?

అసలు నానమ్మకు ఒక ఫోటో ఉండేది. ఆ ఒక్కటీ వర్షే తీసింది.

చలికాలంలో ఉపేంద్ర, నెట్‌లో ముఖాలు చాలు, మీ ఇంట్లోవాళ్ళ ఫోటో మీరే తీసి తెచ్చి సాధన చేయండి అన్నాడు. తన ఫోటో ఎప్పుడూ తీయనని అండాలమ్మ చిన్నప్పుడే మనవరాలి చేత ఒట్టు వేయించుకుంది, నెత్తి మీద చెయ్యి పెట్టించుకుని మరీ. అయినా ఆ రోజు ఆమె గడప మీద కూర్చుని అనపకాయలు ఒలుస్తూ, పక్కింటి కొత్త కోడలి వంట గురించి ఏదో చెప్పి తనకు తానే పడీపడీ నవ్వుతోంది. ఎండ ముఖం మీద నిండుగా పడుతోంది. వర్ష కిటికీ ఊచల్లోంచి ఒకే ఒక్కసారి నొక్కింది. అది చూసి క్లాసులో మూడు రోజులు గీసింది కూడా.

నాలుగో రోజు అండాలమ్మ బాత్‌రూమ్‌లో జారి పడింది. తుంటి ఎముక విరిగింది. ఎల్బీనగర్ దవాఖానలో ఆపరేషన్ అయ్యాక మనవరాలి చెయ్యి పట్టుకుని అన్నది.

"నువ్వు నా ఒట్టు దప్పలే బిడ్డా. గందుకే పానం నిలవడ్డది."

వర్ష బయటికొచ్చి లిఫ్టు పక్కన నిలబడి ఫోన్‌లోంచి ఆ ఫోటో చెరిపేసింది. చెత్తబుట్టలోంచి కూడా తీసేసింది. గీసిన బొమ్మలు మూడూ తీసేసింది. అయినా అండాలమ్మ మంచం దిగలేదు. ఎండాకాలం ముదిరేసరికి పోయింది. ఫోటో వల్ల పోయిందా అంటే వర్ష చదువుకున్న పిల్ల, నమ్మదు. నమ్మదు గానీ, తేలు కుట్టిన దొంగలా ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఆ మూడో రోజంతా పోయిన ఫోటోను వెనక్కి తెచ్చుకునే ఉపాయాలు ఫోన్‌లో వెతికింది. అది వచ్చేది కాదని తేలాక ట్యాబ్ ముందు కూర్చుని కళ్ళు మూసుకుంది. నానమ్మ వచ్చింది. చెయ్యి వచ్చింది, ఉబ్బిన వేలి కణుపులతో సహా. మెడ దగ్గర జండూబామ్ వాసన వచ్చింది. దగ్గు వచ్చింది. ముఖం మాత్రం, ఎవరో తలుపు సందులోంచి చూసి పోయినట్టు, సగం వచ్చి పోయింది. కన్ను పట్టుకుంటే ముక్కు జారింది. ముక్కు పట్టుకుంటే నోరు జారింది. గీసింది చూస్తే ఏ ముసలమ్మైనా కావచ్చు.

ఏడుపొచ్చింది. ఇరవై ఏళ్ళు ఆమె చేతి ముద్ద తిని, ఒక్కరోజైనా ఆ ముఖం సరిగ్గా చూడలేదని సిగ్గుతో ఏడ్చింది.

హాల్లోకి పోయి తండ్రిని అడిగింది.

"డాడీ, నానమ్మ ముఖం ఎట్లుంటది?"

జనార్ధన్ చాలాసేపు ఆలోచించాడు. "ఎట్లుంటదేంది? అమ్మ ముఖం లెక్కనే ఉంటది."

"అట్ల కాదు. పులిపిరి ఏ దిక్కుండె?"

"ఎడమ దిక్కు, ముక్కు పక్కకు. సిన్నప్పుడు పట్టి గుంజెటోన్ని."

"కుడి దిక్కు," అన్నది వంటింట్లోంచి వర్ష తల్లి స్వప్న. "ఇరవై రెండేండ్లు నేను ఆమెకు నూనె రాసిన. నాకు తెల్వదా?"

జనార్ధన్ బాటసింగారానికి ఫోన్ చేశాడు. అక్కడ అండాలమ్మ చెల్లెలు భారతమ్మ ఉంటుంది. ఆమె కూడా ఆలోచించి, "పులిపిరా? అక్కకు పులిపిరి ఏడుండెరా?" అన్నది. ఇంతమందిని పెంచిన మనిషి ముఖం ఇంటికొక తీరుగా మిగిలింది. ఎవరిది నిజమో చెప్పగలిగిన మనిషి లేదు.

వర్ష ఉపేంద్రకు ఫోన్ చేసింది. నానమ్మ బొమ్మ గీయాల్సిన సంగతి విని ఆయన మెత్తగా అన్నాడు. "నీకేం భయం అమ్మా? చూడకుండా గీయటంలో క్లాసులో నువ్వే కదా ఫస్టు. కళ్ళు మూసుకుని కూర్చో, అదే వస్తుంది."

నిజం చెప్పేయాలని నోరు తెరిచింది. సారు గొంతులో అంత నమ్మకం వింటూ చెప్పలేకపోయింది. "సరే సర్" అని పెట్టేసింది.

అయిదో రోజుకు హాల్లో దీపం వెనక గోడ అలాగే ఉంది. వచ్చినవాళ్ళు దండం పెట్టబోయి ఎటు పెట్టాలో తెలియక దీపానికి పెట్టి పోతున్నారు. జనార్ధన్ వర్ష గది తలుపు దగ్గరకు వచ్చి, నిలబడి, వెళ్ళిపోతాడు. అది ఆమెకు తిట్టు కంటే ఎక్కువైంది.

ఆరో రోజు పొద్దున వర్ష తనకు తెలిసిన ఒకే ఒక్క పని చేసింది. బొమ్మలు నేర్చుకునేవాళ్ళ కోసం ఫోటోలు పెట్టే సైటు తెరిచి ముసలివాళ్ళ ముఖాలు వెతికింది. వందల మంది ముసలమ్మలు. ఒకామె దగ్గర చెయ్యి ఆగింది. ఏ దేశమో ఏ ఊరో కింద రాసి లేదు. దవడ అటూ ఇటుగా నానమ్మదే అనిపించింది. కంటి కింద ముడతలు కూడా. అయినా అనిపించడమే, తెలిసింది కాదు. ఆమెను పక్కన పెట్టుకుని గీసింది. ముక్కెర తీసేసింది. నుదుట, గడ్డం మీద పచ్చబొట్లు పెట్టింది. వాటి విషయంలో మాత్రం ఇంట్లో గొడవ లేదు. ఎర్ర అంచు తెల్ల చీర కట్టింది. పులిపిరి తండ్రి చెప్పిన దిక్కే పెట్టింది. రెండు గంటల్లో అయిపోయింది. చెయ్యి ఒక్కసారి కూడా తడబడలేదు.

జనార్ధన్ చూశాడు. చూసి, అక్కడే కింద కూలబడ్డాడు.

"అమ్మనే," అన్నాడు. "అచ్చం అమ్మనే బిడ్డా."

స్వప్న పులిపిరి గురించి కూడా మాట్లాడలేదు. కళ్ళొత్తుకుంటూ బొమ్మ కాళ్ళ వైపు చేతులు చాపింది. బొమ్మకు కాళ్ళు లేవు, నడుము దాకానే ఉంది. మధ్యాహ్నానికి ఫ్రేము కట్టించుకొచ్చారు. సాయంత్రానికి దండ పడింది. చౌరస్తాలో పెట్టే ఫ్లెక్సీకి కూడా అదే ఇచ్చారు. పెద్దది చేసిన ఆ బొమ్మ కింద "శ్రద్ధాంజలి" అని పడింది.

వర్షకు ఒక్క ఆశ మిగిలింది. భారతమ్మ. ఒకే తల్లి కడుపున పుట్టిన మనిషి, ఆమె పట్టేసుకుంటుంది. పట్టుకుని నాలుగు తిట్టినా బాగుండు అనుకుంది.

పదో రోజు భారతమ్మ వచ్చింది. ఇద్దరు పట్టుకుంటే గడప దాటి, బొమ్మ ముందు నిలబడి, కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది.

"అక్కా!" అని భారతమ్మ శోకం పెట్టింది. "గిట్లనే జూస్తుండె. పోయేముందు గూడ నా దిక్కు గిట్లనే జూసింది." వర్షను దగ్గరికి లాక్కుని చెంపలు నిమిరింది. "నీ చేతుల సరస్వతి ఉన్నది బిడ్డా. మా అక్కను మళ్ళ తెచ్చిచ్చినవు."

వర్ష ఇక ఆగలేకపోయింది. తండ్రిని మేడ మీదకు పిలుచుకుపోయి, నీళ్ళ ట్యాంకు నీడలో నిలబెట్టి, అంతా చెప్పేసింది. అనపకాయల నాటి ఫోటో, దాన్ని తీసేయడం, గోడ మీద ఉన్నది నెట్‌లో దొరికిన ఎవరో ముసలామె అనే సంగతి.

జనార్ధన్ ఆమె వైపు చూడలేదు. మెట్రో రైలు ఎల్బీనగర్ స్టేషన్‌లోకి వస్తున్న చప్పుడు దూరంగా వినబడింది.

"ఇంకెవలకు చెప్పకు," అన్నాడు. "నాకు గూడ చెప్పకుంటే అయిపోతుండె గదనే. నాలుగు రోజుల సంది పొద్దున లేవంగనే ఆమెకే మొక్కుతున్న. మొన్న ఆమె ముంగట కూసొని, దవాఖానకు జర జల్ది తీస్కపోలేదని మాఫీ అడిగిన. ఇప్పుడు ఎవల ముంగట కూసోవాలె నేను?"

"మళ్ళ గీస్త డాడీ. ఈసారి ఏది చూడకుండ గీస్త."

"రేపు దినాలు." జనార్ధన్ మొహం తుడుచుకున్నాడు. "ఉండనీ. అందరికి ఆమెనే అమ్మ అయింది."

ఆయన మెట్లు దిగి పోయాడు. కింద ఎవరో పిలిస్తే మామూలుగానే పలికాడు.

వర్ష ఫోన్‌ను తల్లి బీరువాలో పెట్టేసింది. గదిలోకి వచ్చి తలుపేసుకుంది. ట్యాబ్‌లో ఆ బొమ్మను, అది గీయడానికి చూసిన ఫోటోను రెండింటినీ తీసేసింది. తెల్లటి ఖాళీ తెర ముందు కూర్చుంది. ఈసారి దొంగచూపు లేకుండా, ఉపేంద్ర చెప్పినట్టు. ఎవరి కోసమూ కాదు, దినాల కోసమూ కాదు. తన నానమ్మ తనకు కావాలి. సగం ముఖమైనా చాలు, ఆ మూడో రోజు వచ్చి పోయినంత వచ్చినా చాలు.

పెన్ను కదిలింది. దవడ వచ్చింది, కంటి కింద ముడతలు వచ్చాయి, చెంప ఎముక ఎక్కడ పైకి లేవాలో చెయ్యికి ముందే తెలిసినట్టు పోయింది. ఏదీ జారలేదు. వర్ష ఆనందంతో గీసింది. తల వెనక్కి తీసి చూసింది.

అది గోడ మీది ఆమె.

తుడిచేసి మళ్ళీ గీసింది. మళ్ళీ ఆమే వచ్చింది. పెన్ను పక్కన పెట్టి, రెండు అరచేతులతో కళ్ళు గట్టిగా మూసుకుని, "నానమ్మా" అని పిలిచింది. చిన్నప్పుడు బడి నుంచి వస్తూ వీధి చివర నుంచే పిలిచినట్టు పిలిచింది. మూసిన కళ్ళ వెనక, ఇంటి ముందు నిలబడ్డ మనిషి ఆ పిలుపుకు తిరిగి చూసింది. నుదుట పచ్చబొట్టు ఉంది, ఎర్ర అంచు తెల్ల చీర ఉంది, చేతులు చాపి నవ్వుతోంది. ఆమె ఏ ఊరిదో, ఆమె పేరేమిటో వర్షకు తెలియదు.