నేను లేని వారం

"ఇప్పుడు కంపెనీ అమ్మితే నిన్ను పిచ్చిదంటారు," అన్నాడు మా ఆయన. నేను తీగమీద ఆరిన బట్టలు తీస్తున్నాను. ఆయన బాల్కనీ కుర్చీలోంచి కదల్లేదు, ఒక్క తువ్వాలైనా అందుకోలేదు.

ఈ కంపెనీ మొదలుపెట్టిన రోజు కూడా పిచ్చిదాన్నే. ఒంటరిగా ఉన్నప్పుడు వాషింగ్ మెషిన్ బాగుచేయడానికి ఎవరో మగమనిషి వస్తే, తలుపు బార్లా తెరిచి, ఫోను చేతిలో పట్టుకుని నిలబడటం నాకు తెలుసు. చాలామందిని అడిగాను, అందరిదీ అదే భయం. ఆడవాళ్లకే రిపేరు పని నేర్పించి పంపితే? "స్క్రూడ్రైవర్ పట్టుకునే ఆడవాళ్లా? ఎవరు పిలుస్తారే?" అని నవ్వాడు ఈయన. "ముందు మన వంటగది చూసుకోమను," అంది అత్తగారు, నాకు వినపడేలా కొడుకుతో. కానీ పిలిచారు. పిలిచినవాళ్లే పక్కింటివాళ్లకి చెప్పారు. ఇప్పుడు అత్తగారు చుట్టాల దగ్గర "మావాడి కంపెనీ" అంటోంది.

కొంటామని ఒక పెద్ద సంస్థ వచ్చింది. "ఇంకా పెరుగుతుంది, ఆగు," అంటాడు ఈయన. ఎప్పుడు అమ్మాలో నాకు జ్వరం చెప్పింది. వారం పాటు మంచం దిగలేదు. "కాఫీపొడి ఎక్కడ? నా చొక్కా ఇస్త్రీ కాలేదా?" అంటూ ఆయన మాటిమాటికీ గుమ్మంలో ప్రత్యక్షం. ఆఫీసు నుంచి మాత్రం ఒక్క ఫోనూ లేదు. కంగారుపడి నేనే చేశాను. మొదట్నుంచీ నాతో ఉన్న మెకానిక్, అందరూ పెద్దక్క అనే ఆవిడ, ఎత్తింది.

"అన్నీ అయిపోతున్నాయి మేడం, మీరు పడుకోండి. ఏమనుకోకండిగానీ, మీరసలు గుర్తుకే రాలేదు."

దుప్పటి ముసుగేసుకుని పగలబడి నవ్వాను. ఒళ్లు కాలిపోతున్నా గంతులెయ్యాలనిపించింది. నేను లేకపోతే కూలిపోయేదాన్ని ఎవరు కొంటారు? కూలనిదాన్ని కట్టాను, నేను! ఇక అక్కడ కాపలా కూర్చోవడమెందుకు? కట్టడంలో ఉన్న సరదా కాపలాలో ఎక్కడుంది?

పెద్దక్కే మేనేజరు, ఎవర్నీ తీసెయ్యకూడదు అన్నాను కొనేవాళ్లతో. ఒప్పుకున్నారు. సంతకం పెట్టి, దాదాపు పరుగులాంటి నడకతో ఇంటికొచ్చాను.

"సరే, ఇంక తీరిగ్గా ఇంట్లో ఉంటావుగా," అన్నాడు ఆయన.

"ఉండను. లిఫ్టులు బాగుచేయడం నేర్చుకోవడానికి చేరాను. రేపు పొద్దున్నే మొదటి క్లాసు."

"లిఫ్టులా? మరి ఇల్లు?"

"మీరు నడపండి. ఎక్కడేముందో ఇప్పుడే అడిగేయండి. రేపట్నుంచి నేను ఫోనెత్తను."