ఆకుపచ్చ గేటు చిరునామా

గొంతు తీసేశాక కూర్మయ్య ఈల ఊదలేకపోయాడు.

భవానీపూర్‌లో కార్పొరేషన్ చెత్తబండి తోసే జమాదార్‌కి ఈలే సగం ఉద్యోగం. పొద్దున్నే సందు మొదట్లో నిలబడి రెండుసార్లు గట్టిగా ఊదితే మేడల మీంచి బకెట్లు దిగుతాయి. ఇరవై ఏళ్ళకు పైగా కూర్మయ్య ఆ సందులోనే ఊదాడు. ఖైనీ నమిలి నమిలి గొంతులో పుండు పడింది. పెద్దాసుపత్రిలో మాట పలికే పెట్టెను కోసి తీసేసి, మెడకు ముందువైపు రూపాయి బిళ్ళంత కన్నం పెట్టారు. ఊపిరి ఇప్పుడు అందులోంచే. నోట్లోకి గాలి రాదు కాబట్టి ఈలకి ప్రాణం లేదు. ఒక ఇనపచువ్వ సంపాదించి బండి అంచు మీద కొట్టడం మొదలుపెట్టాడు. టంగుమన్న చప్పుడుకి జనం బకెట్లు తెచ్చారు. ఈల ఏమైందని సందులో ఎవరూ అడగలేదు.

ఇంట్లో సంగతి అలా కాదు. నరసమ్మతో రోజుకొక తగువైనా లేకపోతే తోచని మనిషి అతను. ఇప్పుడు ఆమె ఒక్కతే అరిచి, జవాబు రాక, సగంలో ఆగిపోయేది. ఆమెకు చదువు రాదు, రాసి చూపించినా లాభం లేదు. సైగలతో అన్నం అడగొచ్చు, మంచినీళ్ళు అడగొచ్చు, తిట్టడం మాత్రం కుదరదు.

"నానొక్కదాన్నే ఎంతసేపని తగువాడతాను మావా" అని ఒకనాడు కంచం ముందు పెట్టి ఏడ్చింది.

కూర్మయ్య కంచం ఆమె వైపు జరిపాడు.

మెడకి ఆనించుకుంటే మాట పలికే యంత్రం ఒకటుందని ఆసుపత్రి డాక్టరు ఎప్పుడో చెప్పాడు. కొత్తది కొనడం వాళ్ళ తరం కాదు. కొడుకు సత్యారావు సాల్ట్ లేక్ కంప్యూటర్ ఆఫీసులకు కారు తోలేవాడు. రోజూ అతని కారెక్కే పట్టాభి అనే వరంగల్ వైపు ఇంజనీరు ఈ సంగతి విని, ఇంటర్నెట్టులో వెతికి, అమెరికాలో ఎవరో వాడి వదిలేసిన యంత్రాన్ని చవగ్గా అమ్ముతున్నారని కనిపెట్టాడు. అమ్మేవాడు తన దేశం దాటించి పంపనన్నాడు. దానికీ పట్టాభి దగ్గర ఉపాయం ఉంది. ఇలాంటి సామాన్లు చేర్చడానికే అక్కడొక కంపెనీ ఉందట. మన పేరు మీద వాళ్ళ గోదాములో ఒక గది నంబరు ఇస్తారు. కొన్నది అక్కడికి చేరితే, పైన మన చిరునామా అంటించి ఓడో విమానమో ఎక్కిస్తారు.

రోగి సొంతానికని డాక్టరు కాగితం జతచేస్తే కస్టమ్స్‌లో చిక్కు ఉండదని, నంబరు కూర్మయ్య పేరు మీదే తీసుకున్నాడు. ఆ సంగతి విని నరసమ్మ చాలా రోజుల తర్వాత నవ్వింది.

"ఈడ మన తలుపుకి నంబరు లేదు గానీ, అమెరికాలో మీ అయ్యకి గదుందట్రా" అంది కొడుకుతో.

చిక్కంతా తలుపుకి నంబరు లేకపోవడంతోనే వచ్చింది. వాళ్ళ క్వార్టర్లలోకి కొరియర్లు రావు. వచ్చినా ఏ వరస ఎవరిదో తెలియదు. పట్టాభి తన గది చిరునామా ఇద్దామంటే, అతనికి ఆ నెలాఖరుకే చెన్నై బదిలీ అయింది. అప్పుడు కూర్మయ్య కొడుకు చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, తన సందులో ఆకుపచ్చ గేటు ఇల్లు చూపించాడు. సన్యాల్ బాబుది. పెద్దావిడ పోయినప్పుడు పందిరి కింద విస్తరాకులు ఎత్తిందీ, ఆ ఇంటి పిల్ల మూడు చక్రాల సైకిలు దగ్గర్నుంచి పెళ్ళి కారు దాకా ఎక్కడం చూసిందీ అతనే. ఆ ఇల్లు తనని ఎరుగుననే ధీమా.

సత్యారావు బెంగాలీలో వినయంగా అడిగాడు. నాన్న పేరు మీద విదేశం నుంచి మందు సామాను వస్తుంది, మీ చిరునామా వాడుకుంటాం దాదా అన్నాడు. సన్యాల్ బాబు మంచివాడు. గొంతు గురించి అడిగి, అయ్యో అని, దానికేం భాగ్యం, ఇచ్చుకోండి అన్నాడు. పేరేమిటని ఆయన అడగలేదు. చెప్పాలని వీళ్ళకీ తోచలేదు. ఇరవై ఏళ్ళ మనిషి పేరు కొత్తగా చెప్పడమేమిటి?

చెన్నై వెళ్ళేముందు పట్టాభి తన ఫోనులో ఒక ఫోటో చూపించాడు. గోదాములో తీసిందట. గోధుమరంగు అట్టపెట్టె, దాని మీద తెల్ల కాగితం, కాగితం మీద పెద్ద అక్షరాలతో పేరు.

"చూడండంకుల్, అమెరికావాళ్ళు మీ పేరు ఒక్క అక్షరం తప్పులేకుండా కొట్టారు" అన్నాడు.

కూర్మయ్య ఫోనుని రెండు చేతులతో పట్టుకుని, చాలాసేపు తిరిగివ్వలేదు.

వానలు తగ్గుముఖం పట్టాయి. దుర్గాపూజ పందిళ్ళకి వెదుళ్ళు దిగుతున్నాయి. ఒక పొద్దున కూర్మయ్య సందు ఆ చివర బండి నింపుకుంటుండగా ఆకుపచ్చ గేటు ముందు మోటారు సైకిలు ఆగింది. దాని మీద మనిషి సంచిలోంచి గోధుమరంగు పెట్టె తీశాడు. గేటు తట్టి, పైకి చూసి, కాగితం చదువుతూ పిలిచాడు.

"కూర్మయ్యా... కూర్మయ్యా..."

ఆ సందులో తన పేరు వినడం అతనికదే మొదటిసారి. చేతిలో పార బండిలో పడేశాడు. నోరు తెరిచాడు. మెడకి చుట్టుకున్న గమ్‌ఛా తువ్వాలు కొంచెం కదిలింది, అంతే. చువ్వ తీసి బండి మీద కొట్టాడు. ఎప్పుడూ కొట్టనంత గట్టిగా, ఎడతెగకుండా కొట్టాడు.

మేడ మీద సన్యాల్ బాబు కోడలు కనిపించింది. అందరూ బౌది, అంటే వదిన, అని పిలిచే ఆ పిల్ల కిందికి వంగి, అలాంటి పేరుగలవాళ్ళు ఈ ఇంట్లో ఎవరూ లేరంది. పైగా చెత్తబండి వస్తోంది, దారికడ్డం లేకుండా సైకిలు తియ్యమంది. వచ్చినవాడు కాగితం మీద ఏదో గీసి పెట్టెను సంచిలో పడేశాడు.

కూర్మయ్య బండి వదిలి పరుగెత్తాడు. కన్నంలోంచి వచ్చే ఊపిరి నడకకి చాలుతుంది గానీ పరుగుకి చాలదు. దీపస్తంభం దగ్గరకొచ్చేసరికి దాన్ని పట్టుకుని కూలబడ్డాడు. లేచి గేటు చేరేటప్పటికి సందు మలుపులో పొగ మాత్రం మిగిలింది.

బౌది బకెట్టుతో దిగివచ్చింది. అతను గుండెల మీద చెయ్యి వేసుకున్నాడు. మలుపు వైపు చూపించాడు. గాలిలో పెట్టె ఆకారం గీశాడు. మళ్ళీ గుండెల మీద చెయ్యి వేసుకున్నాడు. జేబులో పెన్సిలుంది, అతనికొచ్చిన ఆ కాసిని తెలుగు అక్షరాలు ఆమెకు గీతలే. కొడుకు నంబరు కంఠతా వచ్చు; ఫోను చేసినా తను ఏం మాట్లాడతాడు?

ఆమె చూసి చూసి, అర్థమైందన్నట్టు తలూపింది.

"పూజకి బక్షీసు ఇస్తాం జమాదార్. ఇంకా నెలుంది కదా" అని బెంగాలీలో మెత్తగా చెప్పి, బకెట్టు చేతికందించింది. పైన ఇలిస చేప పొలుసులు మెరుస్తున్నాయి.

సత్యారావు మర్నాడు కొరియర్ ఆఫీసుకి వెళ్ళాడు. ఫోను చేస్తే పలకలేదన్నారు. ఇచ్చింది పట్టాభి పాత నంబరు. రెండుసార్లు వెళ్ళామని, రెండుసార్లూ ఇంటివాళ్ళే లేరు పొమ్మన్నారని, పెట్టె నిన్న రాత్రే అమెరికా గోదాముకి వెనక్కి పోయిందని చెప్పారు. అట్నుంచటే ఆకుపచ్చ గేటుకి వెళ్ళాడు. సన్యాల్ బాబు నిజంగానే నొచ్చుకున్నాడు. మొదటిసారి వచ్చినవాడికి లేరని చెప్పింది తనేనట.

"అది మీ నాన్న పేరని నాకేం తెలుసు బాబూ" అన్నాడు. "జమాదార్ అని రాయించి ఉంటే ఆ క్షణంలోనే సంతకం పెట్టి తీసుకునేవాణ్ణి."

సత్యారావు నమస్కారం పెట్టి వచ్చేశాడు. నాన్న రేపూ ఈ సందులోకే రావాలి.

పట్టాభి చెన్నై నుంచి ఫోను చేసే వేళకి పూజలు అయిపోయాయి. కంపెనీవాళ్ళు కబురు పెట్టారట, కొత్త ఊరి హడావుడిలో చూసుకోలేదట. తిరిగొచ్చిన సరుకు నెల దాటితే గోదాములో ఉంచరట, పారేస్తారట. పారేశారట.

ఆ మాట విని కూర్మయ్య పేపరు అంచున ఏదో రాసి కొడుకు ముందుకు తోశాడు. సత్యారావుకి తెలుగు చదవడం అంతంతమాత్రం. ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ పైకి చదివాడు.

"అక్కడ... చెత్త... ఎవరు ఎత్తుతారు."

"ఏటి రాసినాడు?" అంది నరసమ్మ.

సత్యారావు పేపరు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మర్నాడు కూర్మయ్య సందులో ప్రతి ఇంటి ముందూ చువ్వ కొట్టాడు, ఆకుపచ్చ గేటు ముందు తప్ప. బండి ఆపకుండా తోసుకుపోయాడు. బౌది మేడ మీదికొచ్చి, జమాదార్ అని పిలిచింది. మళ్ళీ పిలిచింది. తర్వాత సన్యాల్ బాబు గొంతు కూడా కలిసింది. వినబడుతూనే ఉంది. అతను వెనక్కి తిరగలేదు. వాళ్ళు విసుక్కుని చెత్త సంచి గేటు బయట పెట్టేశారు.

మధ్యాహ్నానికి వార్డు ఆఫీసులో ఫిర్యాదు చేరింది. వెళ్ళి ఎత్తమని సూపర్‌వైజరు కబురంపాడు. కూర్మయ్య వచ్చేసరికి కుక్కలు సంచి చించేసి గేటు నుంచి దీపస్తంభం దాకా ఈడ్చాయి. నానిన టీ ఆకు, గుడ్డు పెంకులు, చేపముళ్ళు.

అతను వంగి, చీపురుతో కొంత, చేతులతో కొంత ఎత్తాడు. మేడ మీంచి ఎవరో ఆ మూల కూడా చూడమన్నారు. ఆ మూల కూడా ఎత్తాడు.