తేలిక కత్తి

కత్తి పట్టడం రాని వాళ్ళకే కత్తి గురించి సలహాలెక్కువ. నాటకశాల వెనక నా కొట్లోకి తొంగిచూసిన ప్రతివాడూ, "ఏముందమ్మా ఇందులో, చెక్కముక్కకి వెండిరంగు పూస్తే సరి" అని ఒక మాట పారేసి వెళ్తాడు. నాకు ఒళ్ళు మండిపోతుంది. పూసి చూడు నాయనా! ఆ చెక్కముక్కతో వేదిక మీద ఒక్క వేటు వెయ్యి, అది విరిగి ఎదుటివాడి కంట్లో దిగితే నీ కన్ను తీసి ఇస్తావా అని అడగాలనిపిస్తుంది. ఒకరిద్దర్ని అడిగాను కూడా.

నేను చేసే కత్తులు రెండు రకాలు. ఒకటి అలంకారానికి, గోడకి తగిలించుకునేది. దానికి మెత్త కర్ర చాలు, పిడి మీద నాలుగు లతలు చెక్కి రంగు పూస్తే చూసినవాళ్ళు అబ్బో అంటారు. రెండోది కొట్లాట కత్తి. దానికి చేవ ఉన్న కర్ర కావాలి. మొన నుంచి పిడి చివరిదాకా నార ఎక్కడా తెగకుండా తిన్నగా పారాలి. చిన్న ముడి కనబడినా ఆ పలక నాకు పనికిరాదు. పిడి విడిగా చేసి అతికించకూడదు, కత్తీ పిడీ ఒకే కర్ర. అంచు వేలంత మందం వదిలి గుండ్రంగా చిత్రిక పట్టాలి. ఇంకొకటుంది, అన్నిటికన్నా ముఖ్యమైనది. కొట్లాట కత్తుల్ని జోడుగా చెయ్యాలి. ఒకే పలకలోంచి రెండూ కోస్తాం. అప్పుడే రెండింటి బరువూ ఒకటిగా ఉంటుంది, తగిలినప్పుడు మోతా ఒకటిగా ఉంటుంది. వేరువేరు పలకల్లోంచి కోస్తే గట్టిది మెత్తదాన్ని తినేస్తుంది.

నాన్న నేర్పిన పద్ధతి ఇది. దీన్ని నేను తమ్ముడి కోసం తప్పాను. మళ్ళీ అవసరం పడితే మళ్ళీ తప్పుతాను, ఎవరేమనుకుంటే నాకేం?

తమ్ముడంటే మా నాటకాల్లో వీరుడి వేషం కట్టేవాడు. జనం వాణ్ణి మెరుపు అని పిలుస్తారు. మా నాటకాల్లో కథ ఎవడికి కావాలి? ఆఖరి అంకంలో మెరుపు కత్తి తిప్పుతుంటే చూడ్డానికే హాలు నిండేది. ఇంట్లో మాత్రం ఆ మెరుపు పరమ సోమరి, తిన్న కంచం తీసిన పాపాన పోడు. పెళ్ళి చేసుకోరా అంటే, "ఒక గయ్యాళి ఇంట్లో ఉండగా ఇంకొకర్ని తెచ్చుకోమంటావా?" అనేవాడు. చేతిలో ఏది ఉంటే అది విసిరేదాన్ని. గాల్లోనే పట్టుకునేవాడు.

ఒకరోజు విసిరిన తువ్వాలు పట్టుకోలేకపోయాడు. నవ్వేసి ఊరుకున్నాడు గానీ నాకు అనుమానం వచ్చింది. చెయ్యి లాక్కుని చూశాను. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉండాల్సిన కండ లేదు, గుంట పడింది.

డాక్టరు మంచివాడే. దాచకుండా చెప్పాడు. నరాలు ఒక్కొక్కటే పనిచెయ్యడం మానేస్తున్నాయి, పోయిన బలం వెనక్కి రాదు, ఎంత నిదానంగా పోతే అంత అదృష్టం అన్నాడు. ఎడమ చేతికి మార్చుకుంటానండీ అన్నాడు తమ్ముడు. డాక్టరు ఆ చెయ్యి కూడా చూసి, ఇక్కడా మొదలైంది బాబూ అన్నాడు.

ఇంటి గుమ్మంలోకి వచ్చాక తమ్ముడు అన్నాడు, "అక్కా, మాస్టరుకి చెప్పకు. కత్తి పట్టుకోలేనని తెలిస్తే నేనక్కడ ఎందుకు? నాకింకేం వచ్చు చెప్పు?"

నిజమే. వాడికింకేం రాదు. పాట రాదు, పద్యం పలికితే జనం దగ్గుతారు. కత్తే వాడి బతుకు. కొట్లాటలు కూర్చే మాస్టరు మంచివాడు గానీ చేతులు వణికే వాణ్ణి జనం ముందు నిలబెట్టడు. నిలబెట్టకూడదు కూడా. అదంతా నాకు తెలుసు. తెలిసీ ఏం చెయ్యను? వాడు నా తమ్ముడు.

అప్పట్నుంచి జోడు కత్తులు రెండు పలకల్లోంచి కోశాను. ఎదుటివాడికి చేవ కర్ర, మా వాడికి తేలిక కర్ర. రెండూ తేలిక కర్రతో చేస్తే వారం తిరక్కముందే ముక్కలై జనం మీద పడతాయి. ఒక్కటే అయితే బీట కనబడగానే నేను మార్చేయొచ్చు. ఆకారం ఒకటే, రంగు ఒకటే, పక్కపక్కన పెట్టినా కళ్ళకి తేడా తెలీదు. వాడి కత్తి మొన వేదిక మీద కిందికి వాలుతోందనిపిస్తే చాలు, మర్నాటికల్లా ఇంకాస్త తేలికది తయారు. ఒకసారి పిడి లోపల బోలు చేశాను. ఒకసారి కత్తి నడుమ పొడుగునా లోతుగా గాడి తీసి, రెండోదానికీ పైపైన అలాంటిదే తీసి, అందం కోసమని చెప్పాను. పాతవాటిని ఎప్పటికప్పుడు పొయ్యిలో పెట్టేశాను.

ఎదుటి వేషం కట్టేవాణ్ణి మేం కోరమీసం అంటాం. ఆ మీసం అట్టమీసమే. అది ఊడితే వాడంత సాధువు ఇంకొకడు లేడు, బొద్దింక కనబడితే కుర్చీ ఎక్కుతాడు. ఒక సాయంత్రం కొట్లోకి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు.

"అక్కా, మెరుపు కత్తి మోత డొల్లగా వస్తోందే. నాది ఠప్‌మంటుంటే వాడిది దగ్గుతోంది."

"నీ చెవుల్లో గుబిలి తీయించుకో" అన్నాను.

నేను చిత్రిక పడుతూనే ఉన్నాను, తల ఎత్తలేదు. ఎత్తితే ఏడ్చేసేదాన్ని.

"సరేలే అక్కా. నేను కాస్త మెల్లగా కొడతాలే" అని వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి వాడి వేట్లన్నీ చూడ్డానికి పిడుగులు, తగిలితే పూలచెండ్లు. ఎంత కష్టమో కొట్టేవాడికే తెలుస్తుంది. వాడు ఒక్కనాడూ ఎత్తి చూపలేదు.

ఇదంతా ఒక ఎత్తు, తమ్ముడి సంతోషం ఒక ఎత్తు. వానాకాలం పోయి ఎండాకాలం వచ్చేసరికి వాడి మొహంలో కళ వచ్చింది. అన్నం దగ్గర కూర్చుని, "డాక్టరు తప్పు చెప్పాడే అక్కా. నా చెయ్యి అక్కడే ఆగిపోయింది. కత్తి పట్టుకుంటే పోయినేడు ఎలా ఉందో ఇవాళా అలాగే ఉంది. ఒట్టు!" అన్నాడు. చొక్కా గుండీలు నేనే పెడుతున్నాను, అన్నం చెంచాతో తింటున్నాడు, అవేవీ లెక్కలోకి రాలేదు వాడికి. వాడి కొలత ఒక్కటే, కత్తి. ఆ కొలతనే నేను కోసి కోసి తగ్గిస్తున్నాను. ఇంకో గరిటె అన్నం వడ్డించాను.

కొత్త నాటకం మొదలైంది. మాస్టరు కొట్లాటలో ఒక కొత్త ఎత్తు పెట్టాడు. ఇద్దరి కత్తులూ ఎగిరి పడాలి, ఎవడి చేతికి దగ్గరున్నది వాడు అందుకోవాలి, అంటే ఒకడి కత్తి ఇంకొకడి చేతిలోకి పోవాలి. జోడు కత్తులంటే రెండూ ఒకటే కాబట్టి ఏ మాస్టరైనా ధైర్యంగా పెట్టే ఎత్తే ఇది. నాకెవరూ చెప్పలేదు. ఎందుకు చెప్తారు? కత్తులు చేసేదానికి కొట్లాటతో పనేంటి? కోరమీసం అది చెప్దామనే కొట్టుకి వచ్చాడట, నేను కర్ర కొనడానికి పోయాను.

తిరిగి వచ్చి హాల్లో అడుగు పెట్టేసరికి అభ్యాసం జరుగుతోంది. కత్తులు రెండూ ఎగరడం చూశాను. "ఆగండి!" అని అరిచాను. అప్పటికే తమ్ముడు వంగి కోరమీసం కత్తి అందుకున్నాడు.

లేవలేదు అది. పిడి వాడి వేళ్ళలోనే ఉంది, మొన మాత్రం నేల మీద నుంచి రాలేదు. రెండో చెయ్యి కూడా వేశాడు. మోకాలి దాకా లేచి, మణికట్టు మడతపడి, కత్తి దబ్బున పడింది. ఆ చప్పుడుకి హాలంతా ఇటు తిరిగింది.

మాస్టరు వచ్చి చెరో చేత్తో రెండు కత్తులూ ఎత్తాడు. ఒకసారి పైకి, ఒకసారి కిందికి ఆడించాడు. నా వైపు చూశాడు.

"కర్ర మారిపోయింది మాస్టరూ, నాదే పొరపాటు" అన్నాను.

తమ్ముడు అన్నాడు. "ఎప్పట్నుంచే అక్కా?"

"ఏం ఎప్పట్నుంచి?"

"నాటకాలాడకు. ఎప్పట్నుంచి ఇలా తేలికవి ఇస్తున్నావ్?"

వాడు తన చేతులు రెండూ ముందుకు చాపుకుని చూసుకున్నాడు. కోప్పడితే బాగుండును, ఎప్పటిలా గయ్యాళీ అని తిట్టినా బాగుండును. "ఆగిపోయిందనుకున్నానే" అన్నాడు, అంతే. అందరి ముందూ నేను వాణ్ణి పట్టుకుని ఏడ్చాను. సిగ్గుపడలేదు.

మాస్టరు వాణ్ణి పొమ్మనలేదు. వీరుడి వేషం ఇంకెవరికో ఇచ్చి, మా వాడికి ముసలి రాజు వేషం ఇచ్చాడు. సింహాసనం మీద కూర్చోవాలి, ఆఖర్న తల ఊపాలి. ఆ సాయంత్రం మాస్టరే నా కొట్టుకి వచ్చి, చెక్కపొట్టు తుడుచుకుని బల్ల మీద కూర్చున్నాడు.

"అమ్మా, రాజుకి నడుముకో కత్తి కావాలి. ఒరలోంచి తియ్యాల్సిన పని లేదు. ఒర చేసి, పైన పిడి అతికించెయ్. లోపల ఏమీ వద్దు, బరువెందుకు?"

"అలాగే మాస్టరూ" అన్నాను.

అలాగే అన్నాను గానీ చెయ్యలేదు. ఏమీ లేని ఒర నా తమ్ముడి నడుముకి కట్టడమా? నా తల తెగినా చెయ్యను! దూదిలాంటి కర్ర వెతికి, రేకంత పల్చగా కత్తి చెక్కి, నిజంగానే ఒరలో పెట్టాను. లోపలంతా మైనం రుద్దాను. రెండు వేళ్ళతో పట్టుకుంటే జారి వచ్చేస్తుంది. వాడికి ఎప్పుడైనా తియ్యాలనిపిస్తే రావాలి కదా, అందుకని. ఎవరికీ చెప్పలేదు. మాస్టరు మాత్రం, "పిడి అతికించేశారు బాబూ, నువ్వేం ముట్టుకోనక్కర్లేదు" అని వాడికి చెప్పేశాడు.

మొదటి ఆట పగటిపూటే. నేను పక్కతెర వెనక నిలబడ్డాను. కిరీటం బరువని వాడికి తలపాగా చుట్టారు. పెద్ద రాజులాగే కూర్చున్నాడు. కోరమీసం సభలోకి వచ్చి, తొడ చరిచి, "ముసలి రాజా, నీ చేతిలో కత్తి నిలుస్తుందా?" అన్నాడు. పాపం, అది నాటకంలో ఉన్న మాటే, వాడు నేల చూస్తూ అన్నాడు.

తమ్ముడి చెయ్యి పిడి మీదికి పోయింది. నాటకంలో అది లేదు. వేళ్ళు ఒక్కొక్కటే ముడుచుకున్నాయి, భుజం పైకి లేచింది, మెడ నరం ఉబ్బింది. రా తల్లీ, రా, అని కత్తిని బతిమాలాను. వేళ్ళు పిడి మీదనుంచి జారాయి. మళ్ళీ పట్టుకున్నాడు. మళ్ళీ జారాయి. జనానికి అది కోపం దిగమింగుకుంటున్న రాజులా కనబడిందేమో, చప్పట్లు కొట్టారు.

తెర పడ్డాక కోరమీసం వాడి నడుం పట్టీ విప్పి ఒరని నా చేతికిచ్చాడు. నా మొహం చూడలేదు. తమ్ముడు మాత్రం గబగబా వచ్చాడు, మొహం వెలిగిపోతోంది.

"ఏంటే అక్కా, అంత గట్టిగా అతికించావ్? ఉండబట్టలేక లాగి చూశాను, వెంట్రుకవాసి కూడా కదల్లేదు. ఆ జిగురే లేకపోతే ఇవాళ దూసేసేవాణ్ణి తెలుసా! పట్టు భలే దొరికింది. నిజం చెప్పు, నేనెక్కడ దూసేస్తానో అని భయపడే కదా మాస్టరు అతికించమన్నాడు?"

"మరి? నా జిగురంటే ఏమనుకున్నావురా" అన్నాను. "ఏనుగుని కట్టి లాగించినా రాదు."

వాడు పకపకా నవ్వాడు. ఎన్నాళ్ళైందో ఆ నవ్వు విని. రంగు కడుక్కోవడానికి కోరమీసం భుజం పట్టుకుని వెళ్ళాడు, దారంతా అదే చెప్తున్నాడు, పట్టు దొరికింది, పట్టు దొరికింది అని.

నేను కొట్లోకి వచ్చి తలుపు వేసుకున్నాను. రేపు మళ్ళీ ఆట ఉంది, మళ్ళీ లాగి చూస్తాడు. రెండు వేళ్ళతో పిడి పట్టుకున్నాను, కత్తి జారి వచ్చేసింది. జిగురు వేడిచేసి ఒర నోట్లో పోశాను. కత్తిని లోపలికి దించి, ఆరేదాకా రెండు చేతులతో అదిమి పట్టుకుని కూర్చున్నాను.