కొమురమ్మ చెయ్యి

2001లో హైదరాబాద్ పాతబస్తీ ఛత్రినాకలో ఇంటర్నెట్ అంటే బాలనర్సింహ సెంటరే. బర్రెల కొట్టం ముందున్న గదికి సున్నం కొట్టించి నాలుగు కంప్యూటర్లు పెట్టాడు. మూలన సర్వర్ అని ఐదోది ఉండేది. దాన్ని నిలబెట్టింది మేడమీద అద్దెకుండే వేణుమాధవ్. కాకినాడ నుంచి వచ్చి ఆబిడ్స్‌లో చిన్న కంపెనీలో పనిచేసేవాడు. పాతికేళ్లు నిండని ఆ రోజుల్లో తనకు రాని విద్య లేదని అతని గట్టి నమ్మకం. ఆ నమ్మకం తలచుకుంటే అతనికి ఇప్పటికీ సిగ్గూ నవ్వూ కలిసే వస్తాయి. ఆ గదిలో ఇప్పుడు సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. అటు వెళ్లినప్పుడల్లా అతనికి మాత్రం పేడ వాసన, మోడెం కీచుమనే చప్పుడే గుర్తొస్తాయి.

ఉన్నది ఒక్క ఫోన్ లైను. అందుకని సర్వర్‌లో ఒక ప్రోగ్రాం పెట్టాడు. ఎవరైనా తమ పేరు కొట్టి ఎంటర్ నొక్కితే చాలు, అది లైను కలిపి, వాళ్ల ఈమెయిళ్లు తెచ్చి, లైను వదిలేసేది. ఆ తర్వాత తీరిగ్గా చదువుకోవచ్చు. సెంటర్ తెరిచిన రోజు మొదటి ఎంటర్ కొమురమ్మ చేత నొక్కించారు. ఆమె వీధి వీధికీ తిరిగి పాలు పోసే మనిషి. ఆమె చెయ్యి మంచిదని బస్తీలో పేరు. గాజుల దుకాణం పెట్టినా, పిండిగిర్ని పెట్టినా బోణీ ఆమెదే. ఆ పేరంటే ఆమెకు ప్రాణం.

బోనాలయ్యాక ఆమె కూతురు స్వీటీ నర్సు ఉద్యోగానికి మస్కట్ వెళ్లింది. అక్కడి ఆస్పత్రివాళ్లు ఇంటివాళ్లకు కూడా ఒక ఈమెయిల్ ఇచ్చారు. ఆ వివరాలు రాసిన చీటీ కొంగున కట్టుకుని కొమురమ్మ సెంటర్‌కి వచ్చింది. ఆమె పేరు బాలనర్సింహ కొట్టి పెట్టాడు, ఎంటర్ ఆమె నొక్కింది. ప్రోగ్రాం కుప్పకూలింది. ఆమెదే కాదు, అందరి మెయిళ్లూ ఆగిపోయాయి. సాయంత్రం వేణుమాధవ్ వచ్చి మళ్లీ లేపాల్సి వచ్చింది. మొదటిసారి అందరూ నవ్వారు. మర్నాడు మళ్లీ అంతే. మూడోసారి ఎవరూ నవ్వలేదు.

"అక్కా, నువ్వు జర దూరం కూసో. సారు జూస్తడు తియ్యి" అన్నాడు బాలనర్సింహ, మెత్తగానే.

ఆ ఒక్క మాటతో, కొమురమ్మ చెయ్యి చెడిందని బస్తీ అంతా పాకింది. నాగమణమ్మ టిఫిన్ సెంటర్ తెరుస్తూ, బోణీ నీదేనని కొమురమ్మకు నెల ముందే చెప్పి ఉంచింది. ఆ గురువారం కొమురమ్మ కొత్త చీర కట్టుకుని వెళ్లేసరికి మొదటి ప్లేటు వేరే ఎవరికో పెట్టేశారు. ఆమె వెనక్కి తిరిగింది. బస్టాపులో నిలబడి అదంతా చూసిన వేణుమాధవ్‌కి మనసు చివుక్కుమంది. అప్పటికి అతను కరెంటు హెచ్చుతగ్గులని తిట్టాడు, ఫోన్ వైరు మార్చాడు, మెమరీ పీకి పెట్టాడు, చివరికి పక్కనున్న బర్రెల మీద కూడా అనుమానపడ్డాడు.

ఆదివారం పొద్దున కొమురమ్మ చీటీ అడిగి తెచ్చుకుని తనే ఎంటర్ నొక్కాడు. తన చేతికీ కుప్పకూలింది. అప్పుడు కూర్చుని, ప్రోగ్రాం తను చేసిందల్లా రాసిపెట్టుకునే లాగ్ మొదటినుంచీ ఒక్కో వరుసా చదివాడు. ఆస్పత్రి సర్వర్ ఎన్‌క్రిప్షన్ ఉంటేనే మాట్లాడతానంటోంది. అంటే, ఉత్తరం దారిలో ఎవరూ చదవకుండా గుప్తంగా పంపే ఏర్పాటు. తన ప్రోగ్రాంలో అది అసలు లేదు. లేదని మర్యాదగా చెప్పడం కూడా చేతకాక అది పడిపోతోంది.

అప్పుడు గుర్తొచ్చింది. ప్రోగ్రాం తయారుచేస్తున్న రోజు, ఎన్‌క్రిప్షన్ కలపమంటావా అని మిషను అడిగింది. దానికి కావలసిన తయారు కోడు, లైబ్రరీ అంటారు, కంప్యూటర్ పత్రికతో వచ్చిన సీడీలో లేదు. ఆఫీసు నుంచి తెచ్చుకోవచ్చు. కానీ ఆవేళ టీవీలో మ్యాచ్ ఉంది. వద్దని ఒక్క అక్షరం కొట్టి లేచిపోయాడు.

సోమవారం రెండు ఫ్లాపీల మీద ఆ లైబ్రరీ తెచ్చి, ప్రోగ్రాం మళ్లీ తయారుచేశాడు. మెయిళ్లు తేకుండా ఆస్పత్రి సర్వర్‌ని పలకరించి మాత్రం చూశాడు. నిలబడింది. సారు చెయ్యి పడితే ఏ మిషనైనా లేస్తదని బాలనర్సింహ భుజం తట్టాడు. అంతకుముందైతే ఆ మాటకు పొంగిపోయేవాడు. ఆవేళ తల కొట్టేసినట్టయింది. నోరు మూసుకుని ఊరుకుంటే తన పేరు తనకుంటుంది. కొమురమ్మ పేరు మాత్రం పోయినట్టే.

అతను వెళ్లేసరికి ఆమె పాలక్యాన్లు తోముతోంది. విషయం చెప్పి రమ్మంటే, చెయ్యి కొంగులో దాచుకుంది.

"నువ్వే నొక్కు బిడ్డా. నా చెయ్యి వద్దు."

బతిమాలి తీసుకొచ్చాడు. సెంటర్‌లో ఏడెనిమిది మంది ఉన్నారు. వాళ్లందరి ముందూ చెప్పాడు.

"పాడుచేసిన చెయ్యి మీది కాదమ్మా, నాది. పెట్టాల్సింది పెట్టకుండా వదిలేశాను. మ్యాచ్ చూడ్డానికి."

బాలనర్సింహ నోరు తెరుచుకుని చూశాడు. గింత సదివి గిదేంది సారూ అని వెనకనుంచి ఎవరో గొణిగారు. వేణుమాధవ్ తల వంచుకున్నాడు. తర్వాత చాలా రోజులు, రేడియో పాడైనా బస్తీలో ఎవరూ అతన్ని పిలవలేదు.

కొమురమ్మ వేలు చాలాసేపు కీ మీదే ఆగింది. చివరికి నొక్కింది. మోడెం కీచుమంది. ప్రోగ్రాం నిలబడింది. ఒకదాని కింద ఒకటి తొమ్మిది మెయిళ్లు, అన్నీ స్వీటీవే.

అతను మొదటిది తెరవబోతే ఆమె ఆపింది.

"ఆగు బిడ్డా. ముందుగాల నాగమణమ్మను పిలువుండ్రి. ఆమె సూడాలె."

నాగమణమ్మ పిండి చేతులతోనే వచ్చింది. తెర వైపు చూసింది, కొమురమ్మ వైపు చూసింది, తల దించుకుంది. కొమురమ్మ స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"ఇగ సదువు" అంది.

ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్న ఆ తెలుగుని వేణుమాధవ్ పైకి చదవడం మొదలుపెట్టాడు. మొదటి మాట 'అమ్మా'.