పోలేశ్వరి మీద తెరిచిన షీటు

నన్ను రౌడీషీటు అంటారు. పేరు వినగానే మీకు కత్తులు గుర్తొస్తాయేమో గానీ, నేను కొన్ని కాగితాలు కుట్టిన అట్ట ఫైలును. నా మొదటి పేజీ నిండా అచ్చు గళ్ళుంటాయి. పేరు, ఎత్తు, పుట్టుమచ్చలు, అలవాట్లు, స్నేహితులు, ఇంటికి వచ్చిపోయేవారు. సముద్రం దగ్గరి ఒక చిన్న పట్నంలో, పోలీస్ స్టేషన్ బీరువాలో రెండేళ్ళు ఖాళీగా పడి ఉన్నాను. నా బతుకులో స్థిమితంగా ఉన్నది ఆ రెండేళ్ళే.

తర్వాత నాలోకి మల్లాడి పోలేశ్వరి వచ్చింది. రొయ్యల షెడ్డులో తొక్కు తీసే పని ఆమెది. ముప్పయ్యారేళ్ళు. భర్త పోయాడు, తల్లితో ఉంటోంది. రొయ్యల చెరువుల ఉప్పునీరు తమ పేట బోర్లలోకి దిగిందని, యాభైమంది ఆడవాళ్ళను వెంటబెట్టుకుని తహశీల్దారు ఆఫీసు ముందు రోడ్డు మీద బిందెలు పెట్టి కూర్చుంది. మూడు గంటలు బస్సులు ఆగాయి. కేసు పెట్టారు. ఏడాది తిరక్కుండానే కోర్టు ఆ కేసు కొట్టేసింది. కానీ అప్పటికే ఎస్సైగారు నన్ను తెరిచేశారు. అలవాట్ల గడిలో ‘జనాన్ని రెచ్చగొట్టుట’ అని రాశారు. కేసు పోయినా నేను పోలేదు. ఎనిమిదేళ్ళ పాటు ఏటా డిసెంబరులో ఎవరో ఒకరు నా మీద ‘శాంతిభద్రతల దృష్ట్యా కొనసాగించడమైనది’ అని సంతకం పెట్టేవారు. పెట్టేవాళ్ళలో ఒక్కరూ ఆమెను చూసినవాళ్ళు కారు.

ఆదివారం ఆదివారం ఆమె ఇంటికి వెళ్ళి చూసి రావడం హెడ్ కానిస్టేబుల్ సింహాచలం పని. చెడ్డవాడు కాదు. గుమ్మంలో చెప్పులు విడిచేవాడు. కానీ లోపలికి వచ్చేవాడు. మంచం కింద చూసేవాడు. ఫోన్ తీయించి ఎవరెవరు చేశారో చదివేవాడు. పక్కింటివాళ్ళను పిలిచి, “ఈవిడి దగ్గరికి ఎవరొస్తన్నారండి?” అని అడిగేవాడు. అలా అడగడమే చాలు. మొదటి రెండేళ్ళలోనే ఆమె మూడిళ్ళు మారింది. ఓడరేవు క్యాంటీన్‌లో వంటపని దొరికితే, గేటు పాసు కోసం పోలీసు విచారణకు కాగితం వచ్చింది. నాలో చూసి ‘రౌడీషీటు కలదు’ అని బదులు రాశారు. ఆ పని పోయింది.

ఆ మరుసటి ఆదివారం సింహాచలం వెళ్ళేసరికి పోలేశ్వరి ఒక నోటుపుస్తకం ముందు పెట్టుకుని కూర్చుంది. చదివింది ఏడో తరగతి.

“ఏం రాత్తన్నావమ్మా?” అన్నాడు.

“మీరేం రాసుకుంటన్నారో అదేనండి. ఏ తారీకున వచ్చారు, ఎంతసేపున్నారు, ఏం అడిగారు.”

“నా గురించి రాయడానికి నువ్వెవరు?”

“నా గురించి రాయడానికి మీకున్న కాయితం చూపించండి. నేను మానేస్తాను.”

అతను స్టేషన్‌కు వచ్చి ‘దురుసుగా మాట్లాడినది’ అని నాలో రాశాడు. అప్పటినుంచి నాకు నిలకడ లేదు. నేను ఆమెను చూస్తున్నాననుకున్నాను. నన్నూ ఒకరు చూస్తున్నారు.

షాహినా అనే వకీలు ఆమె తరఫున హైకోర్టులో పిటిషన్ వేసింది. నన్ను తెమ్మన్నారు. బస్సులో, ప్రభుత్వ వకీలు సంచిలో, చివరికి కోర్టు బల్ల మీద. నా పక్కనే ఆ నోటుపుస్తకం పెట్టారు. అట్టకు చేపల వాసన. జడ్జిగారు ఒక చేత్తో నన్నూ ఇంకో చేత్తో దాన్నీ తిప్పుతూ ఒక తేదీ దగ్గర ఆగారు. నాలో ‘ఇంటివద్ద విచారించగా పొంతనలేని జవాబులు చెప్పినది’ అని ఉంది. అదే తేదీన దానిలో ‘అమ్మకి ఆపరేషను. కాకినాడలో ఉన్నాం. ఇంటికి తాళం’ అని ఉంది. వెనక ఆస్పత్రి కాగితం అంటించి ఉంది. ఆ ఆదివారం సింహాచలం ఎక్కడికీ వెళ్ళలేదు. స్టేషన్‌లో టీ తాగుతూ నన్ను నింపాడు. నాకు తెలుసు. చెప్పడానికి నోరు లేదు.

గోప్యత మనిషికి ప్రాథమిక హక్కు అని జడ్జిగారు చెప్పారు. చట్టం ఇవ్వని అధికారంతో, పోలీసు శాఖ తన కోసం రాసుకున్న నియమాల బలంతో గడప దాటడం కుదరదన్నారు. నన్ను మూసేయమన్నారు. మూసినా, ఆమె అడిగితే చూపించమన్నారు.

ఒక మధ్యాహ్నం పోలేశ్వరి స్టేషన్‌కు వచ్చింది. బెంచీ మీద కూర్చుని, వేలు పెట్టుకుంటూ మొదటినుంచి చదివింది. ఒక పేజీ ఉంది. ఇప్పటిదాకా సిగ్గుపడి మీకు చెప్పలేదు. అక్కడ ఆమె వేలు ఆగింది.

“‘ఈమె ఇంటికి పరాయి మగవారి రాకపోకలు కలవు.’” పైకి చదివింది. తలెత్తి సింహాచలాన్ని చూసింది. “ఈ మగోళ్ళు ఎవరండి?”

అతను బల్ల మీది కాగితాలు సర్దసాగాడు.

“ఎనిమిదేళ్ళలో మా ఇంట్లోకి మీరొచ్చారు. మీకు ఒంట్లో బాగోనప్పుడు ఇంకో కానిస్టేబుల్ వచ్చాడు. ఇంకెవరైనా వచ్చుంటే పేరు చెప్పండి.”

“పైవాళ్ళు ఏదో ఒకటి రాయమనేవారమ్మా. ఖాళీగా ఉంటే ఊరుకోరు.”

“మా అమ్మ ఈ మాట పేటలో విని, నాతో నెల్లాళ్ళు మాట్లాడలేదు. ఎవరో అంటన్నారనుకున్నాను. ఇక్కడ్నుంచి వెళ్ళిందన్నమాట.” ఆమె గొంతు పెంచలేదు. నన్ను అతని వైపు తిప్పింది. “కింద రాయండి. వాళ్ళెవరో.”

మూసిన ఫైల్లో రాయకూడదు. సింహాచలం ఎస్సై వైపు చూశాడు. కొత్తగా వచ్చిన ఆ ఎస్సై ఫోన్ చెవికి పెట్టుకుని బయటికి నడిచాడు. అది మోగినట్టు నాకు వినిపించలేదు. సింహాచలం పెన్ను తీశాడు. ‘పై వాక్యములో చెప్పిన మగవారు పోలీసులే. వేరెవరూ రాలేదు’ అని రాసి, పేరు, నంబరు, తేదీ వేశాడు. ఆమె రెండుసార్లు చదివి, లేచి, కొంగు సర్దుకుని వెళ్ళిపోయింది. అతను చాలాసేపు పెన్ను మూత పెట్టలేదు.

ఇప్పుడు రికార్డు గదిలో, గుడ్డ చుట్టిన కట్టలో ఉన్నాను. నాలో సరైన వాక్యం అంటూ ఉంటే అది ఆఖరిదే. దాని మీద బరువుగా వేరే ఫైళ్ళున్నాయి. నేను హాయిగా నిద్రపోవచ్చు. నిద్ర రాదు.

కోర్టు తీర్పుకు నెల ముందు స్టేషన్‌లో ఫైళ్ళన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించారు. నన్నూ గాజుపలక మీద బోర్లా పెట్టి పేజీ పేజీకీ నకలు తీసుకున్నారు. అందులో ఉన్న నాకు తీర్పు సంగతి తెలియదు. సింహాచలం రాసిన ఆఖరి వాక్యం తెలియదు. పరాయి మగవారి మాట దగ్గరే ఆ పేజీ అయిపోతుంది. నేను ఈ కట్టలోంచి కదల్లేను. ఆ నకలు మాత్రం ఏ ఊరి స్టేషన్‌లో ఎవరు ఆమె పేరు కొట్టినా లేచి నిలబడుతుంది.